190 పేపర్లా, 31 పేపర్లా? దోమల మీద పనిచేసే గైడ్ జాబితాను ఎలా చదవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ పూర్తిచేశారు, జెఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, దోమల వల్ల వచ్చే జబ్బుల మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నారు. చెన్నైలో ఇద్దరు గైడ్లు తీసుకుంటామన్నారు. ఒకాయనకు 190 పేపర్లు, హెచ్-ఇండెక్స్ (పేపర్లను ఇతరులు ఎంతగా పేర్కొన్నారో చెప్పే అంకె) 41. ఇంకొకావిడకు 31 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 14. ఇంట్లోవాళ్లు, క్లాస్‌మేట్లు అందరూ "ఇందులో ఆలోచించేదేముంది?" అంటున్నారు. మీకు మాత్రం ఆవిడతో మాట్లాడిన అరగంట మనసులోంచి పోవడం లేదు. ఎటు వెళ్లాలి?

సూటిగా చెప్తాను. అంకె చూసి గైడ్‌ను ఎంచుకోకండి. జాబితా తెరిచి ఏ ఏడాది, ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఎవరు దోమలు పట్టారో చూడండి. మీరు రాసిన వివరాలను బట్టి నేనైతే ఆవిడ దగ్గరికే వెళ్తాను. ఒక షరతు ఉంది, అది చివర్లో.

నా మాటకు ఎంత విలువివ్వాలో మీరే తేల్చుకోవాలి కాబట్టి నా గురించి రెండు ముక్కలు. మాది నాయుడుపేట పక్కన ఒక పల్లె. ఆరేళ్లు బెంగళూరులో, ఇరవై రెండేళ్లు చెన్నైలో దోమలు, పిడుదులు పడుతూ గడిపాను. రెండేళ్ల కిందట రిటైరయ్యాను. నా పేపర్లు 46. అంటే నాదీ చిన్న జాబితానే, అందుకే చిన్న జాబితాల తరఫున మాట్లాడుతున్నానని ఎవరైనా అంటే పూర్తిగా కాదనలేను.

అసలు విషయం కాలానిది. మా పని కెమిస్ట్రీ ల్యాబ్ పని లాంటిది కాదు. చెన్నైలో డెంగీ దోమ ఏడిస్ ఈజిప్టై ఎలా పెరుగుతుందో చూడాలంటే ఈశాన్య రుతుపవనం రావాలి, అది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ మూడు నెలలు పోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఒక్క ఏడాది లెక్కతో ఏదీ తేలదు, ఎందుకంటే ఆ ఏడు వాన ఎక్కువో తక్కువో పడి ఉండొచ్చు. కాబట్టి కనీసం రెండేళ్లు. ఆ తర్వాత దోమలను జాతుల వారీగా విడదీయడం, పీసీఆర్ చేయడం, రాయడం, పత్రికకు పంపడం, వాళ్లు అడిగినవి మళ్లీ చేసి ఇవ్వడం. నా అనుభవంలో ఆలోచన పుట్టిన రోజు నుంచి అచ్చయిన రోజుకి మూడున్నర, నాలుగేళ్లు. బెంగళూరులో నైరుతి వానలతో లెక్క వేరు, పశ్చిమ కనుమల్లో పిడుదులతో ఇంకా వేరు. కానీ తొందరపెడితే వినని పని అన్నది అన్నిచోట్లా ఒకటే.

కాబట్టి ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. ఇద్దరివీ చివరి పదిహేనేసి పేపర్లు తీయండి. అచ్చయిన సంవత్సరం వద్దు. ప్రతి పేపర్లో పద్ధతుల భాగానికి వెళ్లి దోమలు పట్టిన నెలలు, ఏళ్లు రాసుకోండి. పక్కన ఊరు, ఎన్ని ఇళ్లు తిరిగారు, మొదటి పేరు ఎవరిది, చివరి పేరు ఎవరిది. రెండు సాయంత్రాల పని. పూర్తయ్యేసరికి అది పేపర్ల జాబితాలా కనిపించదు, ఒక మనిషి ఏ వానాకాలంలో ఎక్కడ నిలబడ్డాడో చెప్పే క్యాలెండర్ లాగా కనిపిస్తుంది. ఒకే ఊళ్లో నాలుగేళ్లు వరసగా కనిపిస్తే మంచి గుర్తు. "2019 ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు" అని ఒకటే ముక్క నాలుగు పేపర్లలో కనిపిస్తే ఒక్క వంట నాలుగు విస్తళ్లలో వడ్డించారన్నమాట.

ఈ వడ్డన సంగతి నాకెలా తెలుసంటారా? నేనే చేశాను. మొదటి ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక్క ఏడాది లెక్కలను మూడు పేపర్లు చేశాను. ఒకదాన్లో లార్వాలు, ఒకదాన్లో పెద్ద దోమలు, ఇంకోదాన్లో వాన, ఉష్ణోగ్రత. అప్పట్లో ప్రమోషన్‌కి అంకె కావాలి, అందరూ అలాగే చేసేవాళ్లు. తర్వాత బెంగళూరులో ఒక ఇంటర్వ్యూకి వెళ్తే బోర్డులో కూర్చున్న పెద్దాయన మూడు పేపర్లూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఈ మూడింట్లో దోమలు ఒకటేనా?" అన్నారు. అవునన్నాను. "అయితే ఒకటనే లెక్క వేసుకుంటాం" అని నవ్వారు. ఉద్యోగం రాలేదు. బస్సులో వస్తూ చాలా కోపంగా ఉన్నా, ఆయన అడిగింది సరైన ప్రశ్నేనని కృష్ణగిరి దాటేసరికి ఒప్పుకున్నాను.

ఇప్పుడు 190 దగ్గరకు వద్దాం. ఆయన తప్పు చేశాడని నేననడం లేదు, ఆయనెవరో నాకు తెలియదు. ఇరవై ఏళ్లకు 190 అంటే ఏడాదికి తొమ్మిది, పది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఫీల్డ్‌లో తిరిగే ముగ్గురు నలుగురు విద్యార్థులతో అన్ని రావు. మరి ఎక్కడి నుంచి వచ్చాయి? చాలా దారులున్నాయి, కొన్ని చక్కటివి కూడా.

ఒకటి, పెద్ద నెట్‌వర్కులు. డెంగీ నిఘా కోసం పది పన్నెండు ఆసుపత్రులు కలిసి పనిచేస్తే ఒక్కో పేపర్లో నలభై పేర్లుంటాయి. మీ గైడ్ పేరు పదిహేడోది అయి ఉండొచ్చు. అందులో తప్పేమీ లేదు, అలాంటి పని ఒక్కరి వల్ల కాదు కూడా. కానీ ఆ పేపర్ల నుంచి మీకు ఆయన దగ్గర నేర్చుకునేది ఎంత? మా రంగంలో మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు పని నడిపించినవాళ్లది. మధ్యలో పేర్లు రక్తం శాంపిల్ పంపినవాళ్ల నుంచి నిజంగా సగం పని చేసినవాళ్ల దాకా ఎవరివైనా కావచ్చు. కాబట్టి చివరి పేరుగా ఎన్ని, వాటిలో మొదటి పేరు ఆయన విద్యార్థిదే అయినవి ఎన్ని అని లెక్కపెట్టండి. 190 కాస్తా 35 అయితే ఆశ్చర్యపోవద్దు. ఆవిడ 31లో అలాంటివి 22 ఉంటే మీ క్లాస్‌మేట్ల వాదన అక్కడే పడిపోతుంది.

రెండు, ఆకు పేపర్లు. ఈ మాట మా ల్యాబ్‌లోనే పుట్టింది, ఎక్కడా వాడకండి. ఏదో ఒక చెట్టు ఆకు తెచ్చి, ఎండబెట్టి, రసం తీసి, కప్పుకు 25 లార్వాలు వేసి, 24 గంటల తర్వాత ఎన్ని చచ్చాయో లెక్కపెట్టి, ఎల్‌సీ50, అంటే సగం లార్వాలు చచ్చే మోతాదు, రాస్తారు. పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థదే, దానికేం లోటు లేదు. లోటల్లా ఆ తర్వాత ఏమీ జరగకపోవడంలో ఉంది. ఆకు మారితే పేపరు మారుతుంది. ఈమధ్య అదే రసంతో వెండి నానోకణాలు చేసి ఇంకో పేపరు. వీటికి సైటేషన్లు బాగానే వస్తాయి, ఎందుకంటే తర్వాతి ఆకువాళ్లు ముందు ఆకువాళ్లందరినీ పేర్కొంటారు. హెచ్-ఇండెక్స్ అలా కూడా పెరుగుతుంది. నేను అడిగేది ఒక్కటే: ఆ జాబితాలో ఏదైనా ఒక్క ఆకు కప్పు దాటి, నిజమైన సిమెంటు తొట్టిలోకో నూతిలోకో వెళ్లిందా? రెండో ఏడాది కూడా దాని మీద పని జరిగిందా? పోల్చి చూసుకోవడానికి పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. అక్కడ బీటీఐ అనే బ్యాక్టీరియాను లార్వాల మందుగా కప్పులో మొదలుపెట్టి, నిజమైన నీళ్లలో వాడి చూసి, తయారుచేసే కంపెనీల దాకా తీసుకెళ్లారు. అలాంటి వరసను జాబితాలో చూస్తే పోల్చుకోగలరు. పేపర్ల మధ్య ఏళ్లు గడుస్తాయి, కానీ దారం తెగదు.

దారం అన్నాను కదా, వోల్బాకియా కథ చూడండి. ఈ బ్యాక్టీరియాను క్యూలెక్స్ దోమలో మొదట చూసింది 1924లో. దాన్ని ఏడిస్ దోమలోకి ఎక్కిస్తే డెంగీ వైరస్ పెరగదని 2009లో ఒక పేపరు. ఆస్ట్రేలియాలో అలాంటి దోమలను బయట వదిలి చూసింది 2011లో. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో పెద్ద ప్రయోగం చేసి డెంగీ 77 శాతం తగ్గిందని అచ్చువేసింది 2021లో. 2009కీ 2021కీ మధ్య పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో ఎవరైనా మధ్యలో ఆగి "ఏడాదికి ఎన్ని పేపర్లు?" అని అడిగి ఉంటే?

మూడు, జబ్బు వచ్చినప్పుడు రాసే పేపర్లు. 2005 చివర్లో చికున్‌గున్యా మన కోస్తా జిల్లాల్లో విరుచుకుపడింది, 2006 కల్లా దక్షిణాది అంతా పాకింది. ఆ రెండు మూడేళ్లలో అందరూ చికున్‌గున్యా పేపర్లు రాశారు, నేనూ రాశాను. 2016లో జికాకు అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించగానే జికా రివ్యూలు, అంటే అప్పటికే ఉన్న పేపర్లను కూర్చి రాసేవి. 2020లో కోవిడ్. ఇది తప్పని కాదు, మంట లేచినప్పుడు బిందె పట్టుకుని పరిగెత్తాలి కదా. కానీ 2010లో, 2012లో చికున్‌గున్యా మీద ఇంకా దోమలు పడుతున్నది ఎవరో చూడండి. మద్రాసులో ఈ జబ్బు 1964లోనే వచ్చింది. 1973 తర్వాత దేశంలో దాని ఊసు దాదాపు లేదు, మళ్లీ 2005లోనే. అరవైల్లో తిరిగింది ఆసియా రకం వైరస్, 2005లో వచ్చింది ఆఫ్రికా నుంచి వచ్చిన రకం. ఈ తేడా చెప్పగలిగారంటే పాత వైరస్‌ను ఎవరో దశాబ్దాల పాటు ఫ్రీజర్‌లో జాగ్రత్తగా దాచారు కాబట్టే. దాచినందుకు పేపరు రాదు.

ఇక ఖాళీలు. ఆవిడ జాబితాలో రెండేళ్లు ఏమీ లేవని మీరు రాశారు, 2016, 2017. మీకు అనుమానం, నాకు మాత్రం నవ్వొచ్చింది. 2015 డిసెంబర్‌లో చెన్నైలో ఏం జరిగిందో మీరు అప్పుడు చిన్నవాళ్లు, టీవీలో చూసి ఉంటారు. మా ఓవీట్రాపులు, అంటే దోమ గుడ్లు పెట్టడానికి నల్లగా పెయింట్ వేసి నీళ్లు పోసి ఉంచే చిన్న డబ్బాలు, రెండు వందల దాకా సైదాపేట, కొట్టూర్‌పురం వైపు ఉండేవి. అడయారు నది అన్నిటినీ పట్టుకుపోయింది. ఏడాదిన్నర లెక్క మధ్యలో తెగిపోయింది. నా జాబితాలో కూడా 2017 ఖాళీ. ఆవిడ కారణం అదే కాకపోవచ్చు, అడిగి చూడండి. ఫీల్డ్ చేసే మనిషికి ఖాళీ ఎందుకొచ్చిందో చెప్పడానికి క్షణం పట్టదు.

కర్ణాటకలో పిడుదుల మీద పనిచేసేవాళ్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. క్యాసనూరు అడవి జబ్బు 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో కోతులు చచ్చిపడడంతో బయటపడింది. దాని కాలం డిసెంబర్ నుంచి మే దాకా, పిడుదు పిల్లలు అడవి నేల మీద తిరిగే రోజులు. వైరస్‌ను ముట్టుకోవాలంటే ఎంతో భద్రత ఉన్న ల్యాబ్ కావాలి. కోతి చచ్చిందని కబురొస్తే రాత్రికి రాత్రి బయల్దేరాలి. దాని మీద ఐదేళ్లకు మూడు పేపర్లు వేసినవాళ్లను నేను సోమరులు అనను. బెంగళూరులో ఉన్న రోజుల్లో రెండు సీజన్లు తెల్లటి గుడ్డ నేల మీద ఈడ్చుకుంటూ పిడుదులు ఏరాను, దానికి నాకు దక్కింది ఒక్క పేపర్లో నాలుగో పేరు. సంతోషమే.

పేర్ల దగ్గర ఒక పెద్ద చిక్కుంది, మన తెలుగువాళ్లకు మరీనూ. మీరు చూసిన 190 ఒక్క మనిషివేనా? వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైటులో "రావు కేఎస్" అని వెతికితే వచ్చే మనుషులతో ఒక బస్సు నింపొచ్చు. మన ఇనిషియల్ ఇంటిపేరు, తమిళులకు తండ్రి పేరు, పత్రికలవాళ్లకు ఈ రెండూ అర్థం కావు, వెనకదాన్ని ముందుకు, ముందుదాన్ని వెనక్కి తిప్పేస్తారు. గూగుల్ స్కాలర్ అయితే అడక్కుండానే వేరేవాళ్ల పేపర్లు తెచ్చి మన ఖాతాలో వేస్తుంది. నా ఖాతాలో కొన్నాళ్లు కాంక్రీటు బలం గురించి ఆరు పేపర్లు ఉండేవి. వాటికి దోమల పేపర్ల కంటే ఎక్కువ సైటేషన్లు! తీసేయడానికి మనసొప్పలేదు గానీ తీసేశాను. దీనికి ఎదురు సమస్య ఆడవాళ్లది. నా మొదటి ఏడు పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి, మిగతావి అత్తింటి ఇంటిపేరుతో. చాలా చోట్ల నేనిద్దరు మనుషులను. ఆవిడ 31 కూడా అలా తగ్గిన అంకె కావచ్చు. ఓఆర్‌సీఐడీ అని 16 అంకెల నంబర్ ఒకటుంటుంది, 2012 నుంచి ఇస్తున్నారు, ఉచితం. ఇద్దరికీ ఉందేమో చూసి అక్కడి జాబితా తీసుకోండి. మీరు కూడా మొదటి పేపరు పంపకముందే తీసుకోండి, పేరు ఒక్క తీరుగా రాయడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.

హెచ్-ఇండెక్స్ గురించి ఎక్కువ చెప్పను. 41 అంటే కనీసం 41 సార్లు పేర్కొన్న పేపర్లు 41 ఉన్నాయని. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో పెట్టిన లెక్క. వయసుతో పాటు పెరుగుతుంది గానీ తగ్గడమన్నది దానికి తెలియదు. రివ్యూలు రాస్తే త్వరగా పెరుగుతుంది. ఒక ఊళ్లో అనాఫిలిస్ స్టెఫెన్సై అనే మలేరియా దోమ ఏ నూతిలో ఏ నెలలో పెరుగుతుందో రాస్తే ప్రపంచంలో దాన్ని పేర్కొనేవాళ్లు పది మంది. కానీ ఆ ఊరి మునిసిపాలిటీకి కావలసిన పేపరు అదే. పైగా ఎప్పుడు దేనికి విలువొస్తుందో తెలియదు. స్టెఫెన్సై మన నగరాల దోమ, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, నూతుల్లో పెరుగుతుంది. చెన్నైలో దాని మీద పనిచేసేవాళ్లను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2012లో అది ఆఫ్రికాలోని జిబూతీలో కనిపించింది, తర్వాత ఇథియోపియాలో. ఇప్పుడు అక్కడివాళ్లు మన పాత పేపర్లను వెతుక్కుని చదువుతున్నారు.

రోనాల్డ్ రాస్‌ను తలచుకోకుండా ఈ రంగంలో జవాబు పూర్తికాదు, మన సికింద్రాబాదు మనిషి కదా. 1883లో బెంగళూరులో ఉన్నప్పుడు తన బంగళా కిటికీ బయట ఉన్న తొట్టి నీళ్లలో దోమలు పెరగడం గమనించాడు, నీళ్లు తీసేస్తే దోమలు తగ్గాయి. పద్నాలుగేళ్ల తర్వాత, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ డిసెంబర్‌లో అచ్చయిన పేపర్లో ఉన్నవి రెండంటే రెండే దోమలు! ఇవాళైతే ఏ పత్రికా పట్టుకోదు. పైగా ఆ దోమ ఏ జాతిదో ఆయనకు తెలియదు, రెక్కల మీద మచ్చలున్న దోమ అనే రాశాడు. తన రక్తం దోమలకు ఇచ్చిన హుసేన్ ఖాన్‌కు కాటుకో అణా చొప్పున ముట్టింది. 1902లో రాస్‌కు నోబెల్.

హుసేన్ ఖాన్ లాంటివాళ్ల పేర్లు ఎక్కడుంటాయో తెలుసా? పేపరు చివర, కృతజ్ఞతల పేరాలో. ఆ పేరా తప్పకుండా చదవండి. తెల్లారి ఐదున్నరకు ఆస్పిరేటర్ గొట్టంతో పశువుల కొట్టంలో దోమలు పీల్చి పట్టేది ఇన్‌సెక్ట్ కలెక్టర్లు, ఫీల్డ్ అసిస్టెంట్లు. తండయార్‌పేటలో నాతో పదకొండేళ్లు తిరిగిన ఒక పెద్దాయన పదో క్లాసు కూడా చదవలేదు. ఎగురుతున్న దోమను చూసి క్యూలెక్సో ఏడిసో చెప్పేవాడు, మైక్రోస్కోపు కింద పెడితే ఆయన మాటే నిలబడేది. ఆయన పేరు నా తొమ్మిది పేపర్లలో కృతజ్ఞతల్లో ఉంది, రెండింట్లో రచయితల్లో ఉంది. ఆ రెండింటి కోసం నాతో గొడవపడ్డవాళ్లున్నారు. ఒక ల్యాబ్ పేపర్లన్నిటిలో "సాయపడిన సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక్క ముక్కతో సరిపెడితే అక్కడ మనుషులను ఎలా చూస్తారో కొంత తెలుస్తుంది. కొంతే సుమా, కొన్ని పత్రికలు జాగా ఇవ్వవు.

పేపర్ల జాబితా మొత్తం కథ చెప్పదనడానికి మనకు యల్లాప్రగడ సుబ్బారావు గారి కంటే దగ్గరి సాక్ష్యం ఏముంటుంది? భీమవరంలో పుట్టి, మీరు రాబోయే ఈ ఊళ్లోనే, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. బోదకాలుకు ఇవాళ్టికీ ఊరూరా మింగిస్తున్న డీఈసీ మాత్ర అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం పని. 1947 పేపర్లో ఆయన పేరు వరసలో చివర ఉంటుంది, పైన చెప్పాను కదా చివరి పేరంటే ఏమిటో. అదే ల్యాబ్ నుంచి వచ్చిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. స్క్రబ్ టైఫస్ వస్తే వేసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే. 1948లో ఆరియోమైసిన్ పేపర్లో రచయిత ఒక్కరే, డగ్గర్. అక్కడ పరిశోధనల డైరెక్టర్ సుబ్బారావు గారే అయినా ఆయన పేరు లేదు. హెచ్-ఇండెక్స్ ఆయనను ఎక్కడ పెడుతుందో మరి.

డబ్బులు కట్టించుకుని ఏది పంపినా వేసే పత్రికల గురించి క్లుప్తంగా. "గౌరవనీయులైన డాక్టర్ గారికి" అని మెయిల్ వచ్చి, మూడు రోజుల్లో ఆమోదం, వెంటనే బిల్లు వస్తే అది అలాంటిదే. పత్రిక పేరులో "ఇంటర్నేషనల్" ఉండడం ఏమీ నిరూపించదు. ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ 1913 నుంచి వస్తోంది, దాని పేరులో ఆ మాట లేదు. నమ్మదగిన పత్రికలకు యూజీసీ ఇచ్చిన కేర్ జాబితాలో పేరు ఉందా లేదా అని చూసుకునే రోజులు కూడా పోయాయి, 2025లో దాన్ని ఆపేశారు. ఇక చదివి తేల్చుకోవాల్సిందే. ఒకటి రెండు ఉంటే క్షమించండి, విద్యార్థికి గడువు దగ్గరపడి వేయించి ఉంటారు. ఇరవై ఉంటే వద్దు. అలాగే ఇద్దరి పేర్లూ వెనక్కి తీసుకున్న పేపర్లను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్‌లోనూ, అచ్చయిన పేపర్లలో తప్పులను చర్చించే పబ్‌పీర్‌లోనూ వెతకండి. తప్పు దిద్దుకున్నట్టు ప్రకటన కనిపిస్తే మాత్రం కంగారుపడకండి. నాదీ ఒకటుంది. క్యూలెక్స్ విష్ణుయి గుంపులో ఆడదోమలను విడదీయడంలో పొరపాటు జరిగింది. మా విద్యార్థినే పట్టుకుంది, పత్రికకు రాసి దిద్దించాం. ఆ రెండు వారాలూ నాకు నిద్ర లేదు, కానీ ఆ అమ్మాయి మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

పేపర్లు చదవడం అయ్యాక ల్యాబ్‌కు వెళ్లండి, చెప్పాపెట్టకుండా కాదు గానీ ఉదయం పూట. ఇన్‌సెక్టరీ చూపించమనండి. దోమల కాలనీ నడుస్తున్న గదికి ఒక వాసన ఉంటుంది, కుక్క బిస్కెట్ల పొడి, ఈస్టు కలిసిన వాసన. లార్వాలకు మేం పెట్టే తిండి అదే. గది వెచ్చగా, చెమ్మగా, 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. పంజరాల మీద చీటీలు, తేదీలు ఉంటాయి. ఆ తేదీలు నిన్నటివా, ఆరు నెలల కిందటివా? జాబితాలో 60 బయోఅస్సే (కప్పులో లార్వాల మీద మందు పరీక్షించే) పేపర్లుండి ఇన్‌సెక్టరీలో మూడు ఖాళీ పంజరాలుంటే, నేనైతే మర్యాదగా టీ తాగి వచ్చేస్తాను.

పాత విద్యార్థులతో మాట్లాడడం అన్నిటికంటే ముఖ్యం. పేపర్లలో మొదటి పేర్లుగా ఉన్నవాళ్లను వెతికి, రెండు వైపుల నుంచీ ముగ్గురేసి చొప్పున రాయండి. "సార్ మంచివారేనా?" అని అడగొద్దు, అందరూ అవుననే రాస్తారు. ఇలా అడగండి: మీ మొదటి పేపరు చేరిన ఎన్నేళ్లకు వచ్చింది? డ్రాఫ్టు ఇస్తే ఎన్ని రోజుల్లో తిరిగొచ్చేది? ఫీల్డ్‌కి జీపు, డబ్బు ఎవరు చూసేవారు? రచయితల వరస ఎప్పుడు తేల్చేవారు, పని మొదట్లోనా, పంపేముందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాయకుండా "ఫోన్ చేయండి" అన్నారంటే తప్పకుండా ఫోన్ చేయండి.

మొదటాయన వైపు కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మీకు ఫీల్డ్ ఇష్టం లేదు, వైరస్ జన్యువులు, డేటా వైపు వెళ్లాలనుకుంటే పెద్ద నెట్‌వర్క్ ఉన్న గైడ్ దగ్గర దొరికే శాంపిళ్లు, పరిచయాలు ఆవిడ దగ్గర దొరకవు. విదేశాల్లో పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి, ఆయన సిఫారసు లేఖ బరువు ఎక్కువ ఉండొచ్చు. మీ ప్రశ్నలో దోమల గురించి మూడు పేరాలు, జన్యువుల గురించి ఒక్క వాక్యం రాశారు కాబట్టి నేను ఆవిడ పేరు చెప్పాను.

ఇక ఆ షరతు. ఆవిడ రిటైర్మెంట్ తేదీ కనుక్కోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్ల కంటే తక్కువ మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లే గానీ, రెండు వానాకాలాలు, వాటి లెక్కలు, రాత అన్నీ కలిపి మన పనికి మూడేళ్లు చాలవని పైన చెప్పాను. కనీసం ఐదేళ్లు మిగిలి ఉంటే హాయిగా చేరండి. మూడు, నాలుగు అయితే కో-గైడ్ ఎవరో ముందే కాగితం మీద రాయించుకోండి. అదే నిబంధనల్లో ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లకు మించకూడదని ఉంది. మొదటాయన దగ్గర మీరు ఎనిమిదోవాళ్లా, రెండోవాళ్లా అన్నదీ అడగండి.

పదిహేను పేపర్ల ఆ నోటుబుక్కు పేజీని ఫోటో తీసి ఇక్కడ పెడితే (పేర్లు కొట్టేసి) నేను చూసి చెప్తాను. ఈ నెలాఖరులోగా పెట్టండి. అక్టోబర్ వస్తే మా పాత ల్యాబ్‌వాళ్లు ఓవీట్రాపులు పెట్టడానికి నన్ను కూడా లాక్కెళ్తారు, పొద్దున పూట ఫోన్ చూసే తీరిక ఉండదు.